పాదులో ఒదిగిన ద్రాక్ష: పాంతెల్లెరియా దీవి సేద్యం

పాంతెల్లెరియాలో ద్రాక్షతోట పక్క నుంచే నడిచిపోతూ కూడా అది తోటని గుర్తుపట్టకపోవచ్చు. అక్కడ పందిరీ ఉండదు, గుంజలూ ఉండవు, తీగను పాకించే వైరూ ఉండదు. మెట్లు మెట్లుగా దిగే రాతిగట్ల మధ్య ముదురు రంగు గుల్లనేల, అందులో వరసాగ్గా తవ్విన పాదులు, పాదుకొక పొద. చాలా పొదలు మోకాలి ఎత్తు కూడా ఉండవు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్ల కింద తిరిగినవాళ్లకు ఇది తలకిందుల వ్యవహారంలా ఉంటుంది. మనవాళ్లు తీగను నెత్తిమీదికి ఎక్కించారు, వీళ్లు నేలలోకి దించారు.

దీవి ఇటలీదే అయినా ఆఫ్రికాకే దగ్గర. సిసిలీ తీరం సుమారు 100 కిలోమీటర్లు, ట్యునీషియా సుమారు 70. విస్తీర్ణం 83 చదరపు కిలోమీటర్లు, నడుమ 836 మీటర్ల ఎత్తున మోంతాన్యా గ్రాండే. మొత్తం అగ్నిపర్వతం కక్కిన రాయే. ఆ రాతిలో ఒక రకానికి దీవి పేరు మీదే భూగర్భ శాస్త్రంలో ‘పాంతెల్లెరైట్’ అని పేరుంది. ఇక్కడి పొద ద్రాక్ష సాగును 2014 నవంబరులో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వాల జాబితాలో చేర్చింది. గుర్తింపు దక్కింది కోటకో గుడికో కాదు, ద్రాక్ష మొక్క చుట్టూ పాదు తీసి, కొమ్మ కత్తిరించే పనికి.

ఈ దీవి గురించి రాసేవాళ్లు చాలామంది ‘ప్రాచీన పద్ధతి’ అని ఒక మాట అనేసి సూర్యాస్తమయం మీదికి వెళ్లిపోతారు. కానీ పాదు ఎందుకు, గోడ ఎందుకు, కాయను ఎండబెట్టడం ఎందుకు అని విడివిడిగా అడిగితే ఒక్కోదానికీ కచ్చితమైన జవాబుంది. ఆ జవాబులన్నీ రెండు చోట్లకే చేరతాయి: ఆగని గాలి, దొరకని నీరు.

గాలి చేసే నష్టం

దీవిని అరబ్బులు ‘గాలుల కూతురు’ అనేవారని చెబుతారు. వాయవ్యం నుంచి మాయెస్త్రాలే, ఆగ్నేయం నుంచి సహారా వేడిని మోసుకొచ్చే షిరోక్కో. ఏడాదిలో గాలి లేని రోజులు తక్కువ.

ద్రాక్షకు గాలి దెబ్బ మూడు దశల్లో తగులుతుంది. మొదటిది ఏప్రిల్, మే నెలల్లో. అప్పటికి కొత్త చిగుళ్లు జానెడు పొడవు వచ్చి ఉంటాయి, మొదలు ఇంకా చెక్కబారదు. ఈదురుగాలి ఊపితే చిగురు మధ్యలో విరగదు, అది కొమ్మ మీద మొలిచిన చోటు, అంటే కన్ను దగ్గరే ఊడిపోతుంది. ద్రాక్ష కాసేది నిరుటి కొమ్మ మీద ఈ ఏడు వచ్చిన చిగురుకే కాబట్టి, చిగురు ఊడితే ఆ కన్నుకి రావలసిన గుత్తులు పోయినట్టే. పక్క కన్ను మళ్లీ చిగిర్చినా దానికి కాపు తక్కువ. రెండోది పూత సమయంలో. పొడి వేడిగాలి తగిలితే పుప్పొడి అంటదు, పిందె కట్టకుండా రాలిపోతుంది, గుత్తి పళ్లూడిన దువ్వెనలా మిగులుతుంది. మూడోది ఉప్పు. సముద్రపు తుంపర ఆకు అంచుల మీద ఎండి అంచు నుంచి లోపలికి మాడ్చుకొస్తుంది.

నేలకి దగ్గరయ్యేకొద్దీ గాలి వేగం తగ్గుతుంది, రాళ్లూ మట్టీ దాన్ని నిలవరిస్తాయి. నేల మట్టానికి ఇంకో 20 సెంటీమీటర్లు కిందికి దిగితే గాలి పొద మీదుగా జారిపోతుంది. పాదు లోతు దాదాపు అంతే ఉండటానికి కారణం అది. తీగను పందిరి ఎక్కిస్తే ఈ దీవిలో మొదటి వసంతమే కడపటిది అవుతుంది.

వాన పడేది మొక్క నిద్రపోయేటప్పుడు

నీటి సంగతి ఇంకా చిక్కు. ఏడాదికి వాన 400 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా. అనంతపురం సగటు కన్నా తక్కువ. పైగా ఆ కాస్తా అక్టోబరు నుంచి మార్చి మధ్యలో పడుతుంది, అంటే ద్రాక్ష ఆకు రాల్చి నిద్రపోయే కాలంలో. మొక్కకు నీళ్లు కావలసిన మే నుంచి ఆగస్టు దాకా ఆకాశం పొడిగానే ఉంటుంది. నదులు లేవు, చెరువు కింది సేద్యం లేదు. కాబట్టి చలికాలంలో పడ్డ పదును వేసవి దాకా నేలలో దాచుకోవాలి. ఇక్కడి సేద్యంలో సగం ఆ దాచుకునే పనే.

అగ్నిపర్వతపు బూడిద, బొరియలున్న తేలికరాయి కలిసిన మట్టి ఇందుకు తోడ్పడుతుంది. పైన పడ్డ నీరు నిలవదు, లోపలికి ఇంకుతుంది, ఇంకింది ఆ బొరియల్లో నిలుస్తుంది. పాదు అంచుల నుంచి జారిన వాన మొదలుకే చేరుతుంది. మార్చి దాటాక పైమట్టిని తవ్వి గుల్ల చేస్తారు. కలుపు తీయడానికి మాత్రమే కాదు. గట్టిపడ్డ పైపొరలో సన్నటి దారులు ఏర్పడి, లోపలి చెమ్మ వాటి గుండా పైకెక్కి ఆవిరైపోతుంది. పైన నాలుగు వేళ్ల మందాన మట్టిని గుల్లచేస్తే ఆ దారులు తెగుతాయి. మెట్టసేద్యం తెలిసిన రాయలసీమ రైతుకి ఈ లెక్క కొత్త కాదు.

మంచు గురించి ఒక మాట. ఈ మొక్కలు రాత్రి మంచు తాగి బతుకుతాయని ఇష్టంగా రాస్తుంటారు. అది అతిశయం. సముద్రం చుట్టూ ఉంది కాబట్టి రాత్రి తేమ ఎక్కువే, చల్లబడ్డ రాళ్ల మీదా ఆకుల మీదా మంచు పడుతుంది, పాదులో అది కాస్త ఆలస్యంగా ఆరుతుంది. దాని వల్ల ఉదయం పూట ఆకు నుంచి నీరు పోవడం కొంత తగ్గుతుంది. అంతవరకే. మొక్కను నిలబెట్టేది మాత్రం లోతుకు దిగిన వేరే.

పొదను తీర్చే పని

ఈ పద్ధతిని ఇటాలియన్‌లో ‘అల్బెరెల్లో’ అంటారు, చిట్టిచెట్టు అని అర్థం. అల్బెరెల్లో ఇటలీ దక్షిణంలో చాలాచోట్ల ఉంది. పాంతెల్లెరియా రకం మరీ పొట్టి, మరీ వెడల్పు.

ముందు నేలను చదును చేసి, పెకలించిన రాళ్లన్నీ గోడకు చేరుస్తారు. నాటేది అంటు మొక్క. వేరు భాగం అమెరికా జాతి ద్రాక్షల సంకరం. ఫిలోక్సెరా అనే పురుగు ఐరోపా ద్రాక్ష వేళ్లను తినేస్తుంది కాబట్టి అది తప్పదు. సిసిలీలో రూపొందించిన 140 రుజ్జేరి, 1103 పౌల్సెన్ అనే వేరు రకాలు ఎండకు తట్టుకుంటాయని దక్షిణాన బాగా వాడతారు. పాదు లోపలే నాటుతారు కాబట్టి ఒక ప్రమాదం ఉంది. వానకు పాదు పూడి అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోతే, పై భాగం సొంత వేళ్లు వేస్తుంది. ఆ పైవేళ్లు పొడినేలలో మొదట ఎండిపోయేవి, పురుగుకి మొదట దొరికేవి. అలా వచ్చిన వేళ్లను చలికాలంలో కత్తితో కోసి, పాదును మళ్లీ తీస్తారు.

మొదలు కాండాన్ని పొట్టిగా నిలిపి, చుట్టూ బండిచక్రపు ఆకుల్లా ఆరు కొమ్మల దాకా పెంచుతారు. దానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, తొందరపడి మొదటి ఏడే కొమ్మలన్నీ ఉంచితే ఏదీ బలపడదు. ఆకు రాలాక చలికాలంలో కత్తిరింపు. ఒక్కో కొమ్మ చివర ఒకటి రెండు కళ్లున్న చిన్న ముక్కను ఉంచి మిగతాది తీసేస్తారు. చూసేవాళ్లకి ఇదంతా కట్టె కొట్టినట్టు కనిపిస్తుంది గాని, చేసేవాడి కన్ను ఒకే ప్రశ్న మీద ఉంటుంది: పై కన్ను ఎటు చూస్తోంది? అది బయటికి చూడాలి. లోపలికి చూసే కన్నును ఉంచితే చిగురు పొద నడుమకు వస్తుంది, ఆకులు ఒత్తవుతాయి, పాదులో అసలే గాలాడదు కాబట్టి బూడిద తెగులు ఆ నడిమిలోనే మొదలవుతుంది. బాగా ముదిరిన కొమ్మను మొదలంటా కోయడం కూడా తప్పే. పెద్ద గాయం మానదు, లోపల ఎండుతూ కాండంలోకి దిగుతుంది.

గాలి నుంచి కాచినందుకు పాదు వసూలు చేసే మూల్యం ఆ బూడిద తెగులే. విరుగుడు గంధకం పొడి. పొద్దున్నే, ఆకు మీద కాస్త చెమ్మ ఉండగా చల్లితే అంటుకుంటుంది. ఎండ ముదిరాక, 35 డిగ్రీలకు దగ్గరలో చల్లితే అదే గంధకం ఆకును కాలుస్తుంది.

వేసవిలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది, ముఖ్యంగా చల్లటి ప్రాంతాల్లో పని నేర్చుకొచ్చినవాళ్ల చేతుల్లో. గుత్తికి ఎండ తగలాలని ఆకు దూయడం. ఇక్కడ ఆకే గొడుగు. ముదురు రంగు మట్టి నుంచి కింది సెగ, పైనుంచి ఎండ, రెండూ కలిస్తే ఒక్క మధ్యాహ్నంలో కాయ ఒకవైపు గోధుమరంగుకి తిరిగి ఉడికిపోతుంది.

ఇప్పుడు ట్రాక్టరు ప్రశ్న. గట్ల వెడల్పు చాలదు, నిజమే. కానీ గట్టు వెడల్పుగా ఉన్నా లాభం లేదు, ఎందుకంటే పొద కొమ్మలు నాలుగు దిక్కులా పాకి ఉంటాయి. వైరు తోటల్లో ఉండే ఖాళీ బాట ఇక్కడ ఏర్పడదు. ఒకప్పుడు బరువులకు పాంతెల్లెరియా గాడిద ఉండేది, ఎత్తుగా, బలంగా. ఆ జాతి దాదాపు అంతరించి, ఇప్పుడు సంరక్షణ కేంద్రాల్లో మళ్లీ పెంచుతున్నారు. పార, కత్తెర, బుట్ట మాత్రం మారలేదు. ప్రధాన భూభాగపు తోటతో పోలిస్తే ఎకరానికి మూడింతల పని అని సాగుదారుల లెక్క. యునెస్కో కాగితాల్లో దీవి మీద సుమారు ఐదువేల మందికి ఎంతో కొంత భూమి ఉందని రాశారు. అంటే కమతాలన్నీ చిన్నచిన్నవే, పని ఇంట్లోవాళ్లదే.

గోడ, దాని లోపలి నిమ్మచెట్టు

దీవి అంతా అల్లుకున్న రాతిగోడల్లో సున్నం, సిమెంటు లేవు. ఈ కట్టుబడి కూడా 2018లో యునెస్కో జాబితాకెక్కింది, ఇటలీతో పాటు మరో ఏడు దేశాల పేరు మీద. సిమెంటు లేకపోవడం పేదరికం కాదు. గట్టు వెనక తడిసిన మట్టి బరువెక్కి గోడను తోస్తుంది. పొడిరాతి గోడ సందుల్లోంచి ఆ నీటిని వదిలేస్తుంది. సిమెంటు గోడ నీటిని ఆపుకుంటుంది, ఒక పెద్దవానకి మొత్తంగా పడిపోతుంది. కట్టేటప్పుడు రాయి పొడవు వైపు గోడ లోపలికి పోవాలి, ప్రతి రాయీ కింది రెండు రాళ్ల అతుకు మీద కూర్చోవాలి, గోడ కొండ వైపుకు కాస్త వాలాలి, వెనక చిన్నరాళ్లు కూరాలి. పొడవు వైపు బయటికి పెట్టి అందంగా పేర్చిన గోడ చూడ్డానికి బాగుంటుంది గాని, రెండు మూడేళ్లకు మధ్యలో బొజ్జ వస్తుంది. బొజ్జ కనిపించిన వేసవిలోనే విప్పి కట్టకపోతే చలికాలపు వానకి అక్కడే గండి పడి, పైగట్టు మట్టి కిందివాళ్ల పాదుల్లోకి దిగుతుంది.

గోడల్లోకెల్లా విచిత్రం ‘పాంతెల్లెరియా తోట’. తోట అంటే ఎకరాలు కాదు, గుండ్రటి రాతి బురుజు, పైన కప్పు ఉండదు, లోపల తరచూ ఒకే ఒక్క నారింజ చెట్టో నిమ్మచెట్టో. ఖమ్మా అనే పల్లె దగ్గర (మన ఖమ్మం కాదు, అరబ్బీ కాలపు పేరు) ఉన్నదాని గోడ ఎత్తు సుమారు 4 మీటర్లు, బయటి వ్యాసం 11. ఒక వైన్ సంస్థ దాన్ని బాగుచేసి 2008లో ఇటలీ వారసత్వ సంరక్షణ సంస్థకి దానమిచ్చింది. ఒక్క చెట్టుకు ఇంత కట్టడమా అనిపిస్తుంది. నారింజకి వాన రెండింతలకు పైగా కావాలి, గాలి అసలు పనికిరాదు. గోడ గాలిని ఆపుతుంది. పగలు లోపల నీడనిచ్చి ఆకు నుంచి పోయే నీటిని తగ్గిస్తుంది. రాయి రాత్రి చల్లబడి తేమను పట్టి లోపలికి వదులుతుంది. వంగి చిన్న తలుపులోంచి లోపలికి అడుగుపెడితే బయటి హోరు ఒక్కసారిగా ఆగిపోతుంది, చెట్టు కొమ్మలు సరిగ్గా గోడ ఎత్తు దాకా పెరిగి అక్కడ కత్తితో కోసినట్టు ఆగి ఉంటాయి. ఆ గీత దాటిన చిగురును గాలి తినేస్తుంది.

ఇళ్లదీ అదే తర్కం. ‘దమ్మూసో’ అనే ఈ మందపాటి రాతి ఇంటి పైకప్పు గుమ్మటాలుగా ఉంటుంది, గుమ్మటాల మధ్య పల్లాల్లోంచి వాననీరు కాలువ పట్టి నేలలోని తొట్టిలోకి చేరుతుంది. తాగడానికీ వాడుకకూ శతాబ్దాల పాటు అదే ఆధారం. ఆలివ్ చెట్లను కూడా కత్తిరించి నేల మీద పాకిస్తారు. కొండల్లో వేడి ఆవిరి బుస్సుమనే నెర్రెల మీద కొమ్మలు కప్పి, ఆ ఆవిరిని నీటిబొట్లుగా దింపి పశువులకు పట్టిన కాపరులూ ఉన్నారు.

ద్రాక్ష మధ్యా, గోడల సందుల్లోనూ పెరిగే కేపర్ పొద ఇక్కడి రెండో పంట. తినేది పూయని మొగ్గను. మే చివరి నుంచి ఆగస్టు దాకా వారం పదిరోజులకోసారి అదే పొద దగ్గరికి వంగి కోయాలి. ఒక విడత తప్పితే మొగ్గ పువ్వవుతుంది, ధర పోతుంది. కోసినదాన్ని బరువులో 40 శాతం సముద్రపు ఉప్పుతో పొరలుగా వేసి పదిరోజులు కలియబెడుతూ ఉంచుతారు. ఊరిన నీరు వంచేసి, 20 శాతం పైగా కొత్త ఉప్పుతో మరో పదిరోజులు. మన ఆవకాయకి ఊట దిగినట్టే ఇందులోనూ దిగుతుంది, కాకపోతే ఇక్కడ ఆ ఊటను పారబోస్తారు, చేదు దాంతోనే పోతుంది. 1996 నుంచి ఈ కేపర్లకి ఐరోపా భౌగోళిక గుర్తింపు ఉంది.

ఎండ మీద ఆరేసిన వైన్

పేర్ల గందరగోళం ఇక్కడ విప్పుకోవాలి. జిబిబ్బో అనేది ద్రాక్ష రకం. అరబ్బీలో ఎండుద్రాక్షకు ‘జబీబ్’ అంటారు, అందులోంచి వచ్చిన పేరు. బయటి ప్రపంచంలో ఇదే మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియా, పెద్ద కాయ, గింజలున్నది, పూలవాసన గలది. ‘మొస్కాతో ది పాంతెల్లెరియా’, ‘పాస్సీతో ది పాంతెల్లెరియా’ అనేవి ఆ కాయతో చేసే రెండు తీపి వైన్లు. 1971 నుంచి వీటికి ఇటలీ ప్రభుత్వ నియమావళి ఉంది. పాస్సీతో అనాలంటే కాయ ఎండి తీరాలి.

ఆగస్టులో ముందుగా పండిన గుత్తులను కోసి, దక్షిణం వైపు తిరిగిన వాలు మీద రాతిగోడకి ఆనుకుని, వలలో చాపలో పరిచి ఒక్క వరసగా పేరుస్తారు. గుత్తి మీద గుత్తి పడకూడదు. మూడు నాలుగు వారాల పాటు ఎండ, గాలి. ఈసారి గాలి శత్రువు కాదు, ఆరబెట్టే కూలీ. ప్రతి గుత్తినీ చేత్తో తిరగేస్తూ ఉండాలి, లేకపోతే కింది వైపు చెమ్మపట్టి బూజు మొదలవుతుంది. సాయంత్రం మంచు పడే ముందు కప్పాలి, పొద్దెక్కాక తీయాలి. వాన తుంపర పడితే ఆ రాత్రి నిద్ర లేదు. కొందరు రెండు వైపులా తెరిచిన ప్లాస్టిక్ గుడారాల్లో ఆరేస్తారు, వానభయం ఉండదు గాని లోపల వేడి హద్దు మీరితే కాయ ఎండడానికి బదులు ఉడికి, వైన్‌కి పాకం మాడిన వాసన వస్తుంది. 100 కిలోల పచ్చికాయ ఎండి 25 కిలోల దగ్గరకు వస్తుంది.

తర్వాతి అడుగు చాలామంది ఊహించనిది. ఎండుకాయను నేరుగా పిండరు. అంత చిక్కటి రసం కొద్దిగానే దిగుతుంది, దిగినదాంట్లో చక్కెర ఎక్కువై ఈస్ట్ పనిచేయదు. సెప్టెంబరులో కాస్త ఎత్తు గట్ల మీద పండిన తాజా కాయను కోసి, పిండి, ఆ రసం పులుస్తుండగా ఎండుకాయను అందులో వేస్తారు. ముందు తొడిమల నుంచి కాయను చేత్తో ఒలవాలి. ఎండిన తొడిమ పుల్లలా విరిగి మిషన్‌లో కాయతో కలిసిపోతుంది, చేదు దిగుతుంది. 100 లీటర్ల రసానికి 60 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అదీ ఒకేసారి కాదు, విడతలుగా, రోజుల తరబడి. ఒక్కసారే కుమ్మరిస్తే చక్కెర ఒత్తిడికి ఈస్ట్ చతికిలబడి, పులవడం ఆగి, వెనిగర్ వాసన చోటు చేసుకుంటుంది. విడతగా వేస్తే ఎండుకాయ నానుతూ తీపినీ వాసననీ కొంచెం కొంచెంగా వదులుతుంది. చివరికి 14 శాతం దాకా ఆల్కహాల్ వచ్చాక ఈస్ట్ అలసిపోతుంది, లీటరుకు 100 గ్రాములు దాటిన చక్కెర మిగిలిపోతుంది. బయటి నుంచి చక్కెర వేయలేదు, మిగిలింది ఎండదే.

మొత్తం మీద లీటరుకి దాదాపు నాలుగు కిలోల పచ్చికాయ. పొదకి రెండు కిలోలు దక్కాయనుకున్నా రెండు పొదల ఏడాది పని ఒక లీటరు. పాస్సీతో సీసా చిన్నదిగా, ధర పెద్దదిగా ఎందుకుంటుందో చెప్పడానికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు. అసలు ప్రశ్న, ఆ ధరలో పారపట్టినవాడి చేతికి ఎంత చేరుతుందన్నది.

ఇక్కడే యునెస్కో పత్రానికీ నేలకీ దూరం కనిపిస్తుంది. ఒకప్పుడు వేల హెక్టార్లలో ఉన్న ద్రాక్ష ఇప్పుడు వందల్లోకి వచ్చింది. వైన్ ఒక్కటే దీవిని పోషించలేదు. తినే ద్రాక్షగా, ఎండుద్రాక్షగా జిబిబ్బో ఓడలెక్కి పోయిన రోజుల్లో అన్ని గట్లూ నిండుగా ఉండేవి. గింజలేని ద్రాక్ష చవగ్గా వచ్చిపడ్డాక గింజలున్న జిబిబ్బోను అడిగేవాళ్లు తగ్గారు. పిల్లలు ప్రధాన భూభాగానికి పోయారు, దమ్మూసోలు వేసవి విడుదులయ్యాయి. 2016లో దీవిలో ఎక్కువ భాగాన్ని జాతీయ పార్కు చేశారు. అడవిని కాపలాతో కాపాడొచ్చు. పాదును మాత్రం ఏటా మనిషి తీస్తేనే అది పాదు. గట్టు కూడా అంతే, పైవాడు వదిలేస్తే కిందివాడి గోడ మీద బరువు పెరుగుతుంది.

దీవిలో ఏ గట్టు ఎన్నేళ్ల కిందట చెయ్యి జారిందో నడుస్తూనే అంచనా వేయొచ్చు. మొదటి రెండు చలికాలాల్లోనే వానమట్టి దిగి పాదులు పూడిపోతాయి, నేల చదునై గడ్డి పడుతుంది. కత్తిరించని పొద నాలుగైదేళ్లు ఎటుపడితే అటు చిగిర్చి, గాలికి విరిగి, నడుమ ఎండుతుంది. ఆపైన అడవిపొదలు వస్తాయి, వాటి వేళ్లు గోడ సందుల్లో దూరతాయి, రాళ్లు ఒక్కొక్కటే కింది గట్టు మీదికి దొర్లుతాయి. ఆ కింది గట్టులో ఇంకా ఎవరో సాగు చేస్తున్నారంటే గుర్తు ఒకటే: నవంబరు వానల తర్వాత అక్కడ పాదుల అంచులు మళ్లీ కొత్తగా, పదునుగా ఉంటాయి, పైనుంచి దొర్లిన రాళ్లు ఒక వారగా కుప్పపోసి ఉంటాయి.